అత్త కంట్లో గీసిన అక్షరాలు

మా అత్త ఎవరినీ ఎదురుగా చూసేది కాదు. తల కుడి భుజం వైపు తిప్పి, మెడ కాస్త వంచి, ఎడమ కంటి కొసనుంచి చూసేది. తెలియనివాళ్లు ఆమెకు టెక్కు ఎక్కువ అనుకునేవాళ్లు. తెలిసిన మేం ఇంకా ఘోరం, కనబడినప్పుడల్లా సరిచేసేవాళ్లం. ఇంట్లో ఎప్పుడు ఫొటో తీయించుకున్నా ఎవరో ఒకరు వెళ్లి ఆమె గడ్డం పట్టుకుని ముందుకు తిప్పేవాళ్లు. ఆ ఫొటోలన్నింటిలో అత్త నిటారుగా నిలబడి ఎటో చూస్తూ ఉంటుంది. ఆమె గడ్డం తిప్పిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి.

అత్త అంటే మా నాయన చెల్లెలు. తమిళుల ఊళ్లో తెలుగు కుటుంబం మాది. వాషర్‌మెన్‌పేటలో కింద మా పప్పుల దుకాణం, పైన కాపురం. ఎనిమిదో ఏట అత్తకు అమ్మవారు పోసింది. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు వేసింది. అప్పటికి ఆమె తెలుగు బడిలో మూడో తరగతి. ఆ తరువాత బడీ లేదు, పెళ్లీ లేదు. వెలుతురు, చీకటి, మనిషి ఆకారం, అంతవరకే కనబడేది. దుకాణానికి వచ్చిన కందిపప్పులో మచ్చుకు కాస్త తీసి ఆమె చేటలో పోస్తే, వేళ్లతోనే రాయి ఏదో పుల్ల ఏదో ఏరి పక్కన పెట్టేది. నన్ను ఎత్తుకుని పెంచింది కూడా ఆ చేతులే. అమ్మకు దుకాణం చూసుకోవడంతోనే సరిపోయేది.

చూపు లేదని ఒప్పుకోవడం మాత్రం అత్తకు చచ్చేంత నామోషీ. పండక్కి కొత్త పావడా కట్టుకుని ముందు నిలబడితే, అంచు వేళ్లతో నలిపి చూసి "రంగు నీకు బలే నప్పిందే" అనేది. ఏ రంగో ఎప్పుడూ చెప్పేది కాదు. ఆ సంగతి నాకు ఇరవై ఏళ్లు వచ్చాక కానీ తట్టలేదు. అడుగుల చప్పుడు బట్టి మనిషిని, ఊపిరి బట్టి మనసును కనిపెట్టేసేది. ఆమెతో అబద్ధం ఆడటం కష్టం, ఆమె ఆడితే పట్టుకోవడం ఇంకా కష్టం.

తొంభైల మధ్యలో ఒకసారి ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంటే, నేనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాను. డాక్టరమ్మ చాలాసేపు చూసి, పువ్వు ఉన్న పొరను తీసేసి, చనిపోయినవాళ్లు దానం చేసిన కంటి పొరను అతికించవచ్చు అంది. చిక్కల్లా ఒకటే. ఆ పువ్వు ఎంత దట్టంగా ఉందంటే, కన్ను లోపలి గోడ సరిగా కనబడటం లేదు. స్కానులో గోడ అతుక్కునే ఉంది కానీ, అక్షరం చదవగల చూపు అక్కడ మిగిలి ఉందో లేదో ఆపరేషన్ చేస్తే తప్ప చెప్పలేమంది. అతుకు పట్టకపోతే ఉన్న వెలుతురు కూడా పోవచ్చు. పువ్వు మీదికి రక్తనాళాలు పాకుతున్నాయి, ఈ ఏడాది దాటితే తను కూడా చేయనని చెప్పింది.

బయటికి రాగానే అత్త తేల్చేసింది.

"నేను ఒప్పుకోను. ఇది ఎప్పుడో చచ్చిన కన్నే. చచ్చినదాన్ని కోసి ఏం చూస్తారు? వాకిలి యాడ ఉండాదో తెలిసే వెలుతురన్నా ఉండాది, అది కూడా పోతే నన్ను చేయి పట్టి నడిపించేది ఎవురు?"

"నేను లేనా అత్తా?"

"సుమ్మా ఉండవే, ఊరుకో. నీకు నీ పనులుండవా?"

నాయన చెప్పాడు, అమ్మ చెప్పింది, నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. అత్త చేటలో పప్పు ఏరుకుంటూ వినేది, అంతే. భయం అని ఒప్పుకున్నా బాగుండేది. చచ్చిన కన్ను అన్న మాట పట్టుకుని కూర్చుంది. ఆ కన్ను చావలేదని ఎవరైనా రుజువు చేస్తే తప్ప ఆమె కదలదని నాకు అర్థమైంది.

నేను అప్పుడు ఊరికి దక్షిణాన ఒక కాలేజీలో కాంతిశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మా గైడు సారు అప్పగించిన పని వింతది. కళ్లజోడుకు తగిలించుకోగలిగినంత చిన్న ప్రొజెక్టరు తయారు చేయాలి. దానికి తెర ఉండదు. సన్నటి ఎర్ర లేజరు కిరణాన్ని గోరంత అద్దాలు రెండు ఊపుతాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఊగే ఆ కిరణం కటకాల్లోంచి పోయి, కంటిపాప దగ్గర ఒకే చుక్కలో కలిసి, లోపలికి దూరి కన్ను వెనక గోడ మీద బొమ్మ గీస్తుంది. చూసేవాళ్లకు ఎదురుగా గాలిలో బొమ్మ వేలాడుతున్నట్టు ఉంటుంది. పక్కన నిలబడ్డవాళ్లకు ఏమీ కనబడదు. మెకానిక్కులు రెండు చేతులా పనిచేసుకుంటూనే యంత్రం పటం చూసుకోవచ్చని సారు ఆశ. కళ్లజోడు మాట దేవుడెరుగు, అప్పటికి మా ప్రొజెక్టరు ఒక బల్ల మొత్తం ఆక్రమించి కూర్చుంది. పాత ఈసీజీ యంత్రాల్లో కాగితం మీద పెన్నును ఆడించే బుల్లి మోటార్లను పాత ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచీ వీధి తుక్కులో ఏరుకొచ్చి, వాటికి అద్దం ముక్కలు అంటించాను. కిరణాలు కలిసే చుక్క ఆవగింజ కన్నా చిన్నది. కన్ను అక్కడినుంచి వెంట్రుకవాసి జరిగినా బొమ్మ మాయం. అందుకని గడ్డం ఆనించడానికి ఒక చెక్క పీట, నుదురు ఆనడానికి ఒక పట్టీ బిగించాం.

ఒకరోజు సారు మామూలుగా చెప్పుకుపోతున్నారు. ఆయన తమిళులు, మాతో తమిళంలోనే మాట్లాడేవారు. వెలుతురు కంటి మీద మొత్తం పడకుండా సూదిమొనంత చోటులోంచే వెళ్తుంది కాబట్టి, చూపు మసకబారి కళ్లజోడు లేనివాళ్లకు కూడా మన బొమ్మ స్పష్టంగా ఉంటుంది, అన్నారు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. కిటికీ అద్దమంతా జిడ్డుపట్టి ఒక్కచోట కాస్త పల్చగా ఉందనుకోండి. అద్దం మొత్తం మీద ఎండ పడితే తెల్లగా మెరిసిపోయి బయట ఏమీ కనబడదు. ఆ పల్చటి చోటులోంచి మాత్రమే ఒక దారమంత వెలుతురు పంపితే? మా అత్త కన్ను లోపల ఏముందో అడగడానికి అంతకన్నా మంచి దారి నాకు తోచలేదు.

సారు మొదట ససేమిరా అన్నారు. వారం రోజులు వెంటబడ్డాక, డాక్టరమ్మను ఆయనే వెళ్లి కలిసి, కంటికి ఎంత వెలుతురు పోతే హాని లేదో రాయించుకుని వచ్చారు. అందులో వందో వంతుకు తగ్గించమన్నారు. అది కూడా ముందు తన కంట్లోనే పెట్టించుకున్నారు.

"సరిగా కొలువమ్మా. నా కన్ను పోతే నీ థీసిస్ మీద సంతకం పెట్టేవాడు ఉండడు" అన్నారు పీట మీద గడ్డం ఆనించి.

ఏం గీయాలన్నది ఇంకో తలనొప్పి. కంటి డాక్టర్ల పటంలో ఉండే ఇంగ్లీషు అక్షరాలు మా అద్దాలకు పడలేదు. మూల వచ్చినప్పుడల్లా అద్దం ఆగి తిరగాలి, అది ఆగదు, దాటిపోయి వెనక్కి వస్తుంది. నిలువుగీతలన్నీ వణికిన చేత్తో గీసినట్టు వచ్చేవి. అత్తకు వచ్చినవి ఎటూ తెలుగు అక్షరాలే కదా అని ఒక 'ఠ' గీయించి చూశాను. అద్దాలు రెండూ హాయిగా ఊగాయి. గుండ్రటి అక్షరాలకు మూలలే లేవు! అప్పటిదాకా నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, బడిలో చదివింది తమిళం. పిల్లల అక్షరాల పుస్తకం కొనుక్కుని, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ, వాటిని అద్దాలకు నేర్పుతూ, ఇరవై నాలుగో ఏట తెలుగు చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడీ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ అద్దాల పుణ్యమే.

అత్తను ప్రయోగశాలకు తీసుకువెళ్లిన రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. ఇది ఆపరేషన్ కాదు, ఊరికే చూడటమే అని పదిసార్లు ఒట్టు వేస్తే వచ్చింది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. పీట మీద ఆమె గడ్డం ఆనించి, తల నిటారుగా పెట్టి, పట్టీ బిగించాను. మోటార్లు జుయ్యిమన్నాయి.

"కనబడిందా అత్తా?"

"ఆ, కనబడతా ఉండాది. ఎర్రగా, బలే ఉండాదే!"

"ఏ అక్షరం?"

"అదే, నువ్వు చెప్పినావు గదా. గుండ్రంగా..."

"ఠ నా?"

"ఆ, అదేనబ్బా!"

నేను ఉబ్బితబ్బిబ్బయి సారు వైపు తిరిగాను. ఆయన వేలితో బల్ల మీదికి చూపించారు. లేజరు ముందు నల్ల అట్ట నిలబెట్టే ఉంది. మనిషి సర్దుకుని కూర్చునేదాకా ఆ అట్ట తీయకూడదని సారు పెట్టిన నియమం. తొందరలో తీయడం మరిచిపోయాను. అత్త కంట్లోకి అసలు వెలుతురే పోలేదు.

నాకు ముక్కు మీద కోపం. సారు ఉన్నారని కూడా చూడలేదు.

"నాతో కూడా అబద్ధమేనా? ఇన్ని నెలలు ఎందుకు చేస్తున్నాననుకున్నావు ఇదంతా?"

అత్త పీట మీదనుంచి తల తీయలేదు. "నువ్వు ఇంత కష్టపడినావు గదమ్మా. నీ గొంతు వింటే లేదనేదానికి నోరు రాలేదు" అంది.

అట్ట తీసి మళ్లీ పెట్టాం. ఈసారి నిజం చెప్పింది, ఎర్రటి పొగలాగా ఉందంది. కటకాన్ని ఎంత సర్దినా పొగే. తిరుగు బస్సు ఎక్కాం. అరిచినందుకు సిగ్గుగా ఉంది, అరవకుండా ఉండలేనందుకు ఇంకా సిగ్గుగా ఉంది. అన్నిటికీ మించి, అత్త అన్నట్టు ఆ కన్ను నిజంగానే పోయిందేమోనని భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున అత్త వరండాలో చేట ముందు పెట్టుకుని కూర్చుంటే, నేను అలిగినదానిలా గోడకు ఆనుకుని కాఫీ తాగుతున్నాను. తనే మొదలుపెట్టింది.

"ఆ కొయ్య మీద తల పెడితే నాకేం కనబడతాదే? దీపం పెట్టినా కనబడదు. ఫొటో తీసేటప్పుడు కూడా అంతే. మీరు మూతి పట్టుకుని తిప్పుతారు, తిప్పిన నిమిషం నేను గుడ్డిదాన్ని అయిపోతా."

కాఫీ గ్లాసు కింద పెట్టాను. "మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"అందరూ చక్కగా నిలబడమంటా ఉంటే, నేను మాత్రం వంకరగా ఉంటానని ఎట్ల చెప్పేది?"

టార్చి తెచ్చి, ఆమె మామూలుగా తల తిప్పి చూసేటప్పుడు ఆ కన్నును దగ్గరగా చూశాను. పుట్టినప్పటినుంచి చూస్తున్న కన్ను, ఏనాడూ చూడని చూపు. పువ్వు మధ్యలో సున్నంలా దట్టంగా ఉంది. చెంప వైపు అంచున, కింద, చిన్న బియ్యపుగింజంత మేర పల్చబడి ఉంది. తల కుడికి తిప్పితే ముక్కు, కనుబొమ్మల నీడ దట్టమైన చోట పడుతుంది, ఆ పల్చటి అంచులోంచి కాస్త వెలుతురు లోపలికి పోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తనే వెతికి కనిపెట్టుకున్న దారి అది. ఏ చదువూ లేకుండా తన తలనే ఒక పరికరంలా అమర్చుకుంది. దాన్ని నలభై ఏళ్లుగా మేం చెడగొడుతూ వచ్చాం. చివరికి కాంతిశాస్త్రం చదువుకున్న నేను చెక్కా మేకులతో బిగించి మరీ చెడగొట్టాను.

నా కంప్యూటరులో కిరణాల దారి లెక్కవేసే పటంలో కన్ను ఒక గుండ్రటి గీత. ఎప్పుడూ నిటారుగా ఎదురు చూస్తూ ఉంటుంది. నేను ఆ కంటికోసం యంత్రం కట్టి, అత్తను అందులో ఇరికించాలని చూశాను. సారుకు ఇదంతా చెబితే ఆయన కాసేపు మీసం దువ్వుకుని, "అయితే మనిషి తలను ముట్టుకోకు. యంత్రం మెడ వంచు" అన్నారు.

అన్నంత తేలిక కాలేదు. డాక్టరమ్మ ఇచ్చిన ఏడాదిలో మూడు నెలలే మిగిలాయి. కిరణాలు కలిసే చుక్కను కంటిపాప నడిమినుంచి చెంప వైపు అంచుకు జరపాలి, అదీ అత్త మెడ వంపుతో సహా. అలా జరిపితే అక్షరం సాగిపోయి 'ఠ' కాస్తా కోడిగుడ్డయింది. ఆ సాగుడును విరగ్గొట్టడానికి ఇంకో కటకాన్ని ఎదురు వంపుతో పెట్టాలి. అది అత్త చెంపకు తగులుతోంది. చింతాద్రిపేటలో కళ్లజోడు అద్దాలు అరగదీసే దుకాణంలో కూర్చుని దాని ఒక పక్క అంచు కోయించుకున్నాను. గడ్డం పీట ఊడబీకి అవతల పడేశాం. దాని బదులు, అత్త తనకు వీలైనట్టు కూర్చుంటే, కిరణం బయటికి వచ్చే ప్రొజెక్టరు ముక్కే చేయిలాంటి ఒక కర్ర మీద తిరిగి ఆమె దగ్గరికి వచ్చేలా చేశాం. తల ప్రాణం తోకకొచ్చింది. కానీ ఈ మార్పులకు పట్టిన మూడు వారాల్లో నేర్చుకున్నంత నేను మిగతా నాలుగేళ్లలో నేర్చుకోలేదు.

రెండోసారి సారు కొత్త షరతు పెట్టారు. బొమ్మ అత్త కంట్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆమె చెప్పిందే సాక్ష్యం. ఆమేమో నన్ను సంతోషపెట్టడానికి ఏమైనా చెబుతుంది, నా ఊపిరి విని జవాబు కనిపెడుతుంది. అందుకని ఏ అక్షరమో నాకు కూడా తెలియకూడదు. సారుకు తెలుగు చదవడం రాదు. అక్షరాలకు అంకెలు వేసి, తనకు తోచిన అంకె తనే నొక్కి, చీటీ మీద రాసి బోర్లా పెడతారు. అత్త అక్షరం పేరు చెప్పక్కరలేదు, కనిపించింది నా అరచేతిలో వేలితో గీయాలి.

ఈసారి నల్ల అట్ట సారే తీశారు. అత్త తన ఇష్టం వచ్చినట్టు మెడ వంచి కూర్చుంది. ఎడమ చేత్తో నా చేయి పట్టుకుంది. మోటార్లు మోగాయి. నేను ప్రొజెక్టరు ముక్కును కొంచెం కొంచెంగా తిప్పుతున్నాను. ఉన్నట్టుండి ఆమె వేళ్లు నా చేతిని గట్టిగా బిగించి పట్టుకున్నాయి.

తరువాత పప్పులో రాళ్లు ఏరే ఆ చూపుడువేలు నా అరచేతిలో మెల్లగా ఒక సున్న చుట్టింది. చుట్టి, ఎత్తి, నడిమధ్యన ఒక చుక్క పొడిచింది.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. సారు ఊరుకోమన్నట్టు చేయి ఊపి, ఇంకో అంకె నొక్కారు. అలా ఆరు అక్షరాలు. ఆమె గీసినదాన్ని నేను కాగితం మీద దించాను. చివరికి చీటీలు తిప్పి చూస్తే అయిదు సరిపోయాయి. ఒకటి మాత్రం 'ప'కు బదులు 'వ' గీసింది. సారు రెండు అక్షరాలనూ పక్కపక్కన పెట్టి చూసి, "ఊహించి చెప్పేవాళ్లు ఇంత దగ్గరి తప్పు చేయరు. ఈమె చూసింది" అన్నారు.

నేను అత్త ముందు మోకాళ్ల మీద కూర్చుని, అన్నీ చెప్పాను. లోపలి గోడ బాగుందని, అక్షరం చదివే చూపు అలాగే ఉందని, అడ్డంగా ఉన్నది ఆ పువ్వు ఒక్కటేనని. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఇది చావలేదా?" అంది.

"లేదత్తా."

"ఇన్నేండ్లూ లోపల బాగానే ఉండిందా?"

"బాగానే ఉంది."

అత్త రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పాపం" అంది. ఎవరో చిన్నపిల్లను గురించి అన్నట్టు ఉంది ఆ మాట. "ఎవురన్నా పలకరిస్తారేమోనని ఎదురుచూస్తా ఉండిందేమో. నేనే చచ్చిపోయిందని చెప్పుకుంటా తిరిగినానే."

ఆమె మోకాలి మీద తల పెట్టుకున్నాను. ఆపరేషన్ మాట ఎత్తాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. అప్పుడు అడిగి కాదనిపించుకునే ధైర్యం నాకు లేదు. సారు టీ తెప్పించారు, తాగాం, బయలుదేరాం.

మధ్యాహ్నం బస్సు ఖాళీగా ఉంది. అత్తకు కిటికీ పక్కన గాలి తగలాలి, ఎప్పుడూ అక్కడే కూర్చునేది. మౌంట్ రోడ్డులో ఏదో తవ్వకాలు, మట్టి రేగుతోంది. మామూలుగా ఆ కంట్లో నలక పడినా తుడుచుకునేది కాదు. ఆ రోజు బస్సు కదిలిన దగ్గర్నుంచీ చీర కొంగు మడతపెట్టి ఎడమ కంటి మీద మెత్తగా అదిమి పట్టుకుని కూర్చుంది. ఆ కాస్త వెలుతురు కూడా లేకుండా, పూర్తి చీకట్లో. సెంట్రల్ స్టేషను దాటింది, ప్యారీస్ కూడలి దాటింది, చేయి దించలేదు. నాకు భయం వేసింది. మా వెలుతురు ఆమె కంటికి ఏమైనా చేసిందేమో.

"నొప్పిగా ఉందా అత్తా?" అని అడిగాను.

"లేదే. దుమ్ము పడతా ఉండాది" అంది, కొంగు తీయకుండానే. "రేపు డాక్టరమ్మ కాడికి పిలుచుకొని పోవాల గదా దీన్ని."